అటవీ శాఖలో మార్పు: ఉత్తర్వును బీట్ దాకా తీసుకెళ్లడం ఎలా?

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వ్, 2014లో రాష్ట్ర విభజనతో రెండైంది. కృష్ణకు అటువైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. ఇటువైపు నల్లమల పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2021 డిసెంబరులో అక్కడే 317 జీఓ (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చి ఉద్యోగులను కొత్త జిల్లాలకు, జోన్లకు సర్దింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి సవరించిన వన్యప్రాణి చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఢిల్లీలో ప్రాజెక్ట్ టైగర్‌నీ ప్రాజెక్ట్ ఎలిఫెంట్‌నీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

అటవీ శాఖ లెక్కలో అడవిని పంచిన అన్నిటికన్నా చిన్న ముక్క బీట్; బీట్లు కలిస్తే సెక్షన్, సెక్షన్లు కలిస్తే రేంజ్, రేంజులు కలిస్తే డివిజన్. పదేళ్ల లోపే ఇన్ని మార్పులు చూసిన బీట్ ఆఫీసర్ దగ్గరికి మీరు ఇంకో మార్పు పట్టుకుని వెళ్తున్నారు. మీరు రేంజ్ ఆఫీసర్ కావచ్చు, డివిజన్ ఆఫీసులో ఈ పని నెత్తిన పడిన సూపరింటెండెంట్ కావచ్చు, శాఖకు శిక్షణలో సాయపడే స్వచ్ఛంద సంస్థ మనిషి కావచ్చు. ఎవరైనా సరే, పవర్‌పాయింట్ తెరిచే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మార్పు అరణ్య భవన్‌లో, అంటే శాఖ ప్రధాన కార్యాలయంలో పుట్టినా, నిలబడేదీ కూలేదీ బీట్‌లోనే. కింద చెప్పే పద్ధతంతా దాని మీదే నడుస్తుంది.

ముందు జీఓను ఒక్క కాగితానికి కుదించండి

జీఓలో "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" అని మొదలై అనెక్సర్ల దాకా బోలెడంత ఉంటుంది. బేస్ క్యాంపులో (అడవి లోపలి గస్తీ మకాంలో) ఉన్న మనిషికి అందులో పనికొచ్చేది కొంచెమే. ప్రతి బీట్‌కీ ఒక కాగితం తీసుకుని, మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు "నిన్నటి దాకా", కుడివైపు "ఒకటో తారీఖు నుంచి" అని రాయండి. కింద ఈ ప్రశ్నలకు జవాబులు నింపండి.

- నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి? ఆయన సెలవులో ఉంటే ఎవరికి?
- నా బీట్ హద్దు మారిందా? మారితే ఏ వాగు, ఏ గుట్ట, ఏ బాట దగ్గర?
- వాచర్ల (గస్తీలో సాయపడే స్థానికుల) బిల్లు ఎవరు పెడతారు?
- కేసు పట్టుకుంటే ఏ కోర్టులో వేయాలి? ఏ పోలీస్ స్టేషన్ సాయం అడగాలి?
- ఆవును పులి చంపిందని రైతు వస్తే దరఖాస్తు ఎవరికి పంపాలి?
- రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి?

జిల్లా మారితే కలెక్టర్ మారతారు, ఎస్పీ మారతారు, కోర్టు పరిధి కూడా మారవచ్చు. పాత కేసులు పాత కోర్టులోనే నడుస్తుంటే సాక్షిగా వెళ్లాల్సిన బీట్ ఆఫీసర్ ఇప్పుడు వేరే జిల్లాలో ఉంటాడు. ఆ వాయిదాల తేదీలు కూడా ఈ కాగితం వెనక రాయించండి. ఎవరూ రాయరు, అందుకే కేసులు వీగిపోతాయి.

జవాబు తెలియని గడి ఉంటే ఖాళీగా వదిలి, పక్కన ఎవరు తేల్చాలో వారి హోదా రాయండి. ఆ ఖాళీ గడులే డీఎఫ్ఓతో (డివిజన్ అటవీ అధికారితో) మీ మొదటి మీటింగ్ అజెండా.

ఇంకో పని కూడా ఇక్కడే చేయండి. ఆఫీసు వ్యవస్థ పటం రెండు రకాలుగా గీయించండి. ఒకటి మంజూరైన పోస్టులతో, రెండోది నిజంగా మనుషులున్న పోస్టులతో. మొదటి పటంలో పది బీట్లకు పది మంది ఉంటారు. రెండోదాంట్లో ఒక్క మనిషి మూడు బీట్లకు ఇన్‌చార్జ్‌గా ఉండి, సెక్షన్ ఆఫీసర్ పని కూడా చూస్తుంటాడు. కొత్త బాధ్యతలు పంచేటప్పుడు రెండో పటమే బల్ల మీద ఉండాలి.

జీతం, రేషన్, డీజిల్: ఇవి తేలకుండా మీటింగ్ పెట్టకండి

నల్లమలలో బేస్ క్యాంపులను మోస్తున్నది ఎక్కువగా చెంచు వాచర్లే. అడవి లోపల నలుగురైదుగురు కలిసి ఉంటారు, బియ్యం పప్పు లోపలికి రావాలి, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు చేరాలి. ఆఫీసు మారిందంటే డీడీఓ కోడ్ (బిల్లులు డ్రా చేసే అధికారికి ఉండే ట్రెజరీ నంబరు) మారుతుంది. కోడ్ మారిందంటే ట్రెజరీలో బిల్లు ఆగుతుంది. ఆగిన బిల్లు గురించి ఆఫీసులో ఎవరికీ పెద్ద టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఆగింది వాళ్ల జీతం కాదు. అడవిలో మాత్రం రెండో నెలకే వాచర్ కూలికో మిర్చి కోతకో వెళ్లిపోతాడు. అలా ఖాళీ అయిన క్యాంపు సంగతి మొదట తెలిసేది వేటగాళ్లకు.

అందుకని మార్పు తేదీ నెల మొదటి రోజున పడేలా అడగండి. పాత ఆఫీసు పేరుతో చివరి బిల్లు అంతకు ముందే పాస్ చేయించండి. కొత్త డీడీఓ కోడ్, పద్దు, వాచర్ల బ్యాంకు ఖాతాల జాబితా ఒకసారి ట్రెజరీకి వెళ్లి సరిచూసుకోండి. పులుల రిజర్వులకు కేంద్రం వాటా వార్షిక కార్యాచరణ ప్రణాళిక, అంటే ఏపీఓ, మంజూరయ్యాకే కదులుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో చేతిలో డబ్బు తక్కువ. వన్యప్రాణి చట్టం 38ఎక్స్ సెక్షన్ కింద ప్రతి పులుల రిజర్వుకూ టైగర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ ఉంటుంది. మధ్యలో వచ్చే గ్యాప్‌కు ఆ నిధులు వాడుకునే వీలుందేమో ఫీల్డ్ డైరెక్టర్ ఆఫీసును ముందుగానే రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఆగాక అడిగితే సాయం కాదు, పంచాయితీ అవుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టకూడదో తెలుసుకోండి

ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారాల దాకా మంటల కాలం. ఆ మధ్యలోనే శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా వేలమంది కాలినడకన శ్రీశైలం వెళ్తారు. ఆ వెంటనే ఉగాదికి కన్నడ భక్తులు వస్తారు. చైత్ర పౌర్ణమికి అవతలి వైపు సలేశ్వరం జాతర. ఈ నెలల్లో కొత్త రిపోర్టింగ్ పద్ధతి అంటే ఎవరూ వినరు, వినకపోవడంలో తప్పూ లేదు.

నాలుగేళ్లకోసారి వచ్చే పులుల గణన సమయంలోనూ ఇదే మాట. 2006, 2010, 2014, 2018, 2022లో జరిగిన ఈ లెక్కింపులో బీట్ సిబ్బంది మాంసాహార జంతువుల జాడల కోసం రోజుకు కనీసం 5 కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు నడుస్తారు. తర్వాత 2 కిలోమీటర్ల ట్రాన్సెక్ట్ (లెక్క కోసం ముందే గీసుకున్న తిన్నని దారి) మీద మేత జంతువుల లెక్క ఉంటుంది. అప్పుడు హద్దులు మారిస్తే లెక్కా చెడుతుంది, మనుషులూ అలుస్తారు.

రిజర్వులు పర్యాటకులకు మూసి ఉండే జూలై–సెప్టెంబరు మంచి సమయం. వానల్లో గస్తీ కష్టమే, కానీ శిక్షణకు, రికార్డుల మార్పిడికి తీరిక దొరికేది అప్పుడే. ప్రభుత్వం తేదీ మీ చేతిలో ఉండదు, నిజమే. అమలు ఎప్పుడైనా, ఏ పని ముందు ఏ పని వెనక అన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది.

చార్జ్ కాగితం మీద కాదు, కాలినడకన అప్పగించాలి

నన్నడిగితే ఈ గైడులో ఒక్క పనే చేయగలిగినవాళ్లు ఇది చేయండి.

మామూలుగా చార్జ్ అప్పగింత అంటే చార్జ్ లిస్టు. వాకీటాకీలు ఎన్ని, పీఓఆర్ బుక్కులు (నేరం దొరికినప్పుడు మొదట రాసే రిపోర్టుల పుస్తకాలు) ఎన్ని, వాహనం లాగ్ బుక్, క్యాంపులో మంచాలు, సోలార్ లాంతర్లు. రెండు సంతకాలు, ఒక టీ, అయిపోయింది. బీట్ గురించి పాత మనిషి బుర్రలో ఉన్నది మాత్రం ఆయనతోపాటే బస్సెక్కి వెళ్లిపోతుంది.

దానికి బదులు పాత బీట్ ఆఫీసర్, కొత్త బీట్ ఆఫీసర్, సీనియర్ వాచర్ ముగ్గురినీ కలిపి బీట్ అంతా నడిపించండి. బైక్ మీద కాదు. బీట్ పెద్దదైతే రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి, రేంజ్ ఆఫీసర్ ఆ రెండు రోజులూ వేరే డ్యూటీ వేయకుండా ఉంటే చాలు. నడుస్తున్నప్పుడు మాటలు రికార్డు చేయనక్కర్లేదు, నోట్‌బుక్‌లో చోటు పేరు, పక్కన ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. అది ఇలా ఉండాలి:

*వాగు మలుపు దగ్గర సాసర్ పిట్ (జంతువులకు నీళ్లు నింపే గుంట): ఏప్రిల్‌కు పగులుతుంది, మార్చిలోనే సిమెంటు వేయాలి. ట్యాంకర్ పెద్ద బండరాయి దాకే వస్తుంది, అక్కడి నుంచి పైపు.*

*చేల అంచున 11 కేవీ లైన్: వేసవిలో తీగ తగిలించి కరెంటు ఉచ్చు పెడుతుంటారు. రాత్రి లైన్ ట్రిప్ అయితే లైన్‌మన్ మనకు ఫోన్ చేస్తాడు, నంబరు వాచర్ దగ్గర ఉంది.*

*రెండు బాటలు కలిసే చోట కెమెరా కట్టిన చెట్టు: తేనెకు వచ్చేవాళ్ల దారి ఇదే. వాళ్లతో గొడవ వద్దు, ఎవరైనా కొత్తవాళ్లు తిరిగితే మనకు చెప్పేది వాళ్లే.*

చూశారా, ఇందులో ఒక్క ముక్కైనా చార్జ్ లిస్టులో ఉండదు. లైన్ ట్రిప్ అయినప్పుడు లైన్‌మన్ ఎవరికి ఫోన్ చేస్తాడన్నది ఏ జీఓలోనూ రాయరు. ఆయన పాత నంబరుకు చేస్తూనే ఉంటాడు, పాత మనిషి వేరే జిల్లాలో నిద్రపోతుంటాడు. అందుకే నడక ముగిశాక పాత ఆఫీసరే లైన్‌మన్‌కు, ఊళ్లో మేకల కాపరులకు, చెక్‌పోస్టు మనిషికి కొత్త ఆఫీసర్‌ను స్వయంగా పరిచయం చేయాలి. వీలైతే శాఖ సిమ్‌ను మనిషికి కాక బీట్‌కు కేటాయించమని అడగండి. ఖర్చు లేని మార్పు, చాలా తలనొప్పులు తప్పుతాయి.

హద్దు కొత్తగా గీసిన చోట ఇంకో జాగ్రత్త ఉంది. మ్యాపు మీద గీత రెండు బీట్ల మధ్య సన్నగా ఉంటుంది. నేల మీద అది ఎవరూ గస్తీ తిరగని ముక్క అవుతుంది, నీదంటే నీదని ఇద్దరూ అనుకుంటారు. మొదటి మూడు నెలలూ హద్దుకు రెండు వైపుల వాళ్లూ వారానికోసారి అక్కడ కలిసి నడవాలని రాతలో పెట్టించండి.

ఆప్ వచ్చిందా? నోట్‌బుక్‌ను ఎప్పుడు మూస్తారో కూడా చెప్పండి

గస్తీని నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ పద్ధతిని జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2010లో తెచ్చింది. 2018 గణన నుంచి క్షేత్ర సమాచారం ఫోన్ ఆప్‌లోనే ఎక్కించడం మొదలైంది. గస్తీ నడిచిన దారి జీపీఎస్‌తో నమోదవుతుంది. పులి గీరిన చెట్టు, పెంటిక, ఉచ్చు, నరికిన మొద్దు కనిపిస్తే ఫోటోతో ఎక్కించవచ్చు. అడవిలో సిగ్నల్ లేకపోయినా రికార్డు అవుతుంది, బయటికొచ్చాక ఎక్కించుకోవచ్చు. మంచి పనిముట్టు. ఇది దెబ్బతినేది రెండు చోట్ల.

మొదటిది చార్జింగ్. నవ్వకండి. క్యాంపులో సోలార్ ప్యానెల్ పాడై నెలవుతుంటే ఆప్ మీద రెండు రోజుల శిక్షణ ఇచ్చి ప్రయోజనం లేదు. ఫోన్లు పంచే ముందు ప్రతి క్యాంపులో ప్లగ్ పాయింటు పనిచేస్తోందా అని చూసి రండి.

రెండోది డబుల్ పని. ఆప్‌లో ఎక్కించాలి, నోట్‌బుక్‌లోనూ రాయాలి, వాట్సాప్ గ్రూపులో ఫోటోలూ పెట్టాలి. మూడు చోట్ల రాసేవాడు చివరికి ఒక్కచోటే సరిగ్గా రాస్తాడు, అది వాట్సాప్, ఎందుకంటే పైవాళ్లు చూసేది అదే. నెల రోజులు రెండూ నడపండి. ఆ తర్వాత నోట్‌బుక్ ఏ తేదీన ఆపాలో మెమోలో రాయించండి. డీఎఫ్ఓ కూడా ఆ రోజు నుంచి వాట్సాప్‌లో గస్తీ ఫోటోలు అడగకూడదు. ఇది చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి, మీరు శాఖ బయటి నుంచి వచ్చినవాళ్లయితే కాస్త తేలిక.

జాడ పట్టడంలో చెంచు వాచర్‌ను మించినవాడు లేడు, ఫోన్‌లో టైప్ చేయడం ఆయనకు చేతకాకపోవచ్చు. కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్ పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. ఇద్దరినీ జతచేసి, చూసేది ఆయన, ఎక్కించేది ఈయన అని పంచండి. నెలాఖరున ఆ బీట్ మ్యాపు ప్రింటు తీసి, ఎక్కడెక్కడ నడిచారో గీతలతో, ఊళ్ల పేర్లు తెలుగులో ఉండేలా చూసి క్యాంపు గోడకు అంటించండి. ఎక్కించిందంతా పైకే పోయి ఏదీ తిరిగి రాకపోతే, ఏ ఆప్ అయినా ఆర్నెల్లలో హాజరు పట్టీ అయిపోతుంది.

చట్టం మారితే ఒక అట్టముక్క చాలు

2022 సవరణతో వన్యప్రాణి చట్టంలో ఆరు షెడ్యూళ్లు (జీవుల జాబితాలు) నాలుగయ్యాయి. మూడో షెడ్యూల్‌లో ఉండే చుక్కల దుప్పి, అడవి పంది రెండో షెడ్యూల్‌లోకి వచ్చాయి. మూడో షెడ్యూల్ ఇప్పుడు మొక్కలది. పాత అలవాటుతో దుప్పి కేసులో మూడో షెడ్యూల్ అని రాస్తే, కోర్టులో అవతలి వకీలుకు దారి మనమే చూపించినట్టు. దీని పైన 2024 జూలై 1 నుంచి కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. మీ రేంజ్‌లో తరచూ కేసులు పడే జంతువుల పేర్లు, వాటి కొత్త షెడ్యూలు, వాడాల్సిన సెక్షన్లు ఒక అట్ట మీద రాసి లామినేషన్ చేయించి పీఓఆర్ బుక్కుకు కట్టండి. ముసాయిదాను మాత్రం పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు చూపించాకే ప్రింటుకు పంపండి.

సిబ్బందితో మాట్లాడేటప్పుడు

317 జీఓ పేరెత్తితే తెలంగాణలో చాలామంది ఉద్యోగుల మొహం ఇప్పటికీ మారిపోతుంది. భార్య ఒక జిల్లాలో, భర్త ఇంకో జిల్లాలో, సొంత ఊరికి స్థానికత లేకుండా పోవడం, సీనియారిటీ లెక్కలు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయినప్పుడు రాష్ట్ర స్థాయి ఉద్యోగుల పంపకం కమలనాథన్ కమిటీ దగ్గర ఏళ్ల తరబడి నడిచింది. ఈ అనుభవం ఉన్నవాళ్ల ముందు నిలబడి "మార్పు మంచిదే" అంటే మీ మాటకు అక్కడితో విలువ పోతుంది.

మొదటి సమావేశంలోనే బదిలీలు ఉన్నాయా లేవా చెప్పేయండి. తెలియకపోతే ఏ తేదీకి తెలుస్తుందో చెప్పండి. యూనియన్ నాయకులకు ఒక రోజు ముందే కబురు పెట్టండి, టీ కొట్టు దగ్గర విని రావడం కన్నా అది నయం. తర్వాత మాట్లాడటం ఆపి, పోయినసారి మార్పు వచ్చినప్పుడు ఏది ఆగిపోయింది, ఎలా సర్దుకున్నారు అని అడగండి. సీనియర్ సెక్షన్ ఆఫీసర్లు ఇక్కడ నోరు విప్పుతారు. మీ ప్లానులో లేని రెండు మూడు చిల్లులు అక్కడే బయటపడతాయి. పెద్ద అధికారి గదిలో ఉంటే ఎవరూ మాట్లాడరు కాబట్టి ఆయన ప్రారంభించి వెళ్లిపోయేలా చూడండి.

కొన్ని మార్పులు బోర్డులు, హద్దులతో ఆగవు, ఉద్యోగమే మారిపోతుంది. చిత్తూరు వైపు చూడండి. కౌండిన్య అడవుల చుట్టూ ఏనుగులు పొలాల మీద పడుతుంటే, అక్కడి సిబ్బంది అసలు పని రాత్రిపూట గుంపును అడవిలోకి మళ్లించడం. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు (అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ పొందినవి) వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. కలప దొంగల కోసం శిక్షణ పొందిన మనిషికి ఇప్పుడు మావటితో, పశువైద్యుడితో, కోపంగా ఉన్న రైతుతో ఒకే రాత్రి పని పడుతుంది. ఇలాంటి చోట ఉద్యోగ విధుల పత్రాన్ని తిరగరాయించకుండా మార్పు పూర్తయిందనుకోవద్దు. రాత్రి డ్యూటీ తర్వాత పగలు సెలవు ఎవరిస్తారు, గాయమైతే ఏ ఆసుపత్రి, డబ్బెవరు కడతారు అన్నవి అందులో ఉండాలి.

పెంటలకు (చెంచు గూడేలకు), ఊళ్లకు ముందే చెప్పండి

2025 మేలో తెలంగాణ ప్రభుత్వం 49 జీఓతో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌ను ప్రకటించింది. తెలంగాణలోని కవ్వాల్ పులుల రిజర్వుకూ మహారాష్ట్రలోని తడోబా రిజర్వుకూ మధ్య పులులు నడిచే దారి అది. ఆదివాసీ సంఘాలు లేచాయి, జూలైలో జీఓను నిలిపివేశారు. పులుల దారి అవసరమా కాదా అన్న చర్చ వేరు. మన పనికి సంబంధించినంత వరకు అందులో తెలుసుకోవాల్సింది ఉంది: పేరు మారినా, హోదా మారినా, ఊరి జనానికి మొదట తట్టేది "మా భూమి పోతుందా, మా పశువులు ఎక్కడ మేయాలి" అన్న ప్రశ్నే. దానికి బీట్ ఆఫీసర్ దగ్గర జవాబు లేకపోతే ఇంకెవరో జవాబు చెబుతారు.

కాబట్టి ఏం మారుతుందో, ముఖ్యంగా ఏం మారదో ఒక పేజీలో తెలుగులో రాయండి. గోండి, కొలామీ మాట్లాడే చోట చదివి చెప్పే మనిషిని పెట్టుకోండి. అటవీ హక్కుల చట్టం కింద పట్టాలున్నవాళ్ల సంగతి అందులో విడిగా ఉండాలి. గ్రామసభలో చదివాక వచ్చిన ప్రశ్నలు రాసుకుని పైకి పంపండి, జవాబు వచ్చాక మళ్లీ అదే ఊరికి వెళ్లండి. రెండోసారి వెళ్లేవాళ్లు తక్కువ.

అవతలి ఆఫీసును మర్చిపోవద్దు

ఒక ఆఫీసు రెండైనప్పుడు ఇద్దరూ తమ ఇల్లు చక్కదిద్దుకోవడంలో పడిపోతారు. కృష్ణ దాటి అటూ ఇటూ తిరిగే పులిని రెండు రాష్ట్రాల కెమెరాలూ ఫోటో తీస్తాయి. చారలు పోల్చి చూసుకోకపోతే ఒకే పులికి రెండు నంబర్లు పడతాయి. ఇటు వేటాడినవాడు పుట్టిలో అటు దాటితే రెండు రేంజులు కలిస్తేనే దొరుకుతాడు. పై స్థాయి సమన్వయ సమావేశాలు జరుగుతుంటాయి, జరగనివ్వండి. మీరు మాత్రం నదికి ఎదురెదురుగా ఉన్న రేంజ్ ఆఫీసర్లు నెలకోసారి కలిసే ఏర్పాటు చేయండి. ఫోటోలు, అనుమానితుల పేర్లు, మంటల సమాచారం మార్చుకోవాలి. వాళ్ల స్థాయిలో రాతపూర్వక అనుమతి ఒక్కసారి తెచ్చిపెడితే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

మూడు నెలలయ్యాక

మొదట రాసిన బీట్ కాగితాలు తీయండి. ఆఫీసులో కూర్చుని ఫోన్ చేయకుండా, కొన్ని క్యాంపులకు వెళ్లి అక్కడి మనిషినే అవే ప్రశ్నలు అడగండి. ఆయన జవాబు, కాగితం మీద జవాబు కలవని చోట ఎర్ర పెన్నుతో గీయండి. వాచర్ల జీతం ఏ తేదీకి పడింది, హద్దు మీద ఉమ్మడి నడక ఎన్ని వారాలు జరిగింది, నోట్‌బుక్ నిజంగా ఆగిందా అన్నవి తప్పకుండా చూడండి. ఎర్ర గీతలున్న కాగితాలు డీఎఫ్ఓ ముందు పెట్టి, ఒక్కొక్కదానికీ బాధ్యుడి పేరు, తేదీ రాయించుకోండి.

ఆ తర్వాత ఫైలంతా రేంజ్ ఆఫీసులో, బీట్ పేరుతో విడివిడి అట్టల్లో పెట్టించండి. డివిజన్ ఆఫీసు బీరువాలో పెడితే తాళం ఉన్నాయన బదిలీ అయిన రోజున అది కూడా పోతుంది.